మగ్గం గుంతలో కుడికాలు

మా అత్త తన నొప్పి గురించి ఎవరికీ చెప్పే మనిషి కాదు. పన్ను నొప్పెడితే లవంగం బుగ్గన పెట్టుకుని మాట్లాడటం మానేసేది. జ్వరమొస్తే దుప్పటి కప్పుకుని మగ్గం మీద కూర్చునేది. కాబట్టి ఆమె కుడికాలికి ఏదో అయిందన్న సంగతి నాకు మగ్గం చప్పుడు వల్ల తెలిసింది. పద్దెనిమిదేళ్ళుగా ఆ చప్పుడు మధ్యే వంట చేస్తున్నాను, పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. అది ఎప్పుడూ ఒకే వేగంతో సాగేది. పోయిన వేసవి చివర్లో రెండు దెబ్బలకొకసారి చిన్న ఆలస్యం మొదలైంది.

మా పుట్టిల్లు ఆదోని. ఇప్పటికీ అక్కడే ఒక బడిలో లెక్కలు చెబుతాను, ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో వెళ్ళొస్తాను. పెళ్ళయి వచ్చేదాకా నేను మగ్గాన్ని దగ్గరగా చూసింది లేదు, వచ్చాక చూసి మురిసిపోయిందీ లేదు. ఉన్నవి రెండు గదులు, ఒక వంటిల్లు. అందులో ముందు గది మొత్తం మగ్గమే ఆక్రమించుకుంది. నేలలో తొడల లోతు గుంత. ఆ గుంత గట్టు మీద అత్త కూర్చుని, కాళ్ళు లోపలికి వదిలి, కింద ఉన్న రెండు తొక్కుడు కట్టెలను మార్చి మార్చి తొక్కుతుంది. ఒకటి తొక్కితే పడుగు దారాల్లో సగం పైకి లేస్తాయి, రెండోది తొక్కితే మిగతా సగం. ఆ సందులోంచి అడ్డదారం మోసే నాడె అటూ ఇటూ పరుగెడుతుంది. ఆ గుంత పూడ్చి బండలు పరిపించాలన్నది నా పాత కోరిక. మా ఆయన కరెంటు పని చేస్తాడు, ఆయనకూ మగ్గం మీద ప్రేమ లేదు. మామ పోయాక దాని తరఫున మాట్లాడే మనిషి ఆ ఇంట్లో అత్త ఒక్కతే.

"కాలు నొస్తాందా అత్తా?" అని అడిగాను.

"యాడ? ఏం లేదు."

"మరి కుంటుతున్నావెందుకు?"

"కుంటలేదు. నిదానంగా నడుస్తాండా. వయసొచ్చె గదా."

ఆమె వయసు అరవై రెండు. ఆ మాట ఆమె నోట అంతకుముందు నేను వినలేదు. కాబట్టి వదిలిపెట్టలేదు, బలవంతంగా కాలు ఒళ్ళోకి లాక్కుని చూశాను. నొప్పి మడమలో లేదు, వేళ్ళలో లేదు. పాదం మధ్యలో, లోపలివైపు వంపు పైభాగాన, ఒక్క వేలితో చూపించగలిగినంత చోటు. అక్కడ తాకగానే ఆమె కాలు వెనక్కి గుంజుకుంది. కాలు గుంజుకున్నందుకు సిగ్గుపడి, నా చేయి చల్లగా ఉందని చెప్పింది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది.

ఇంటి వైద్యాలన్నీ చేశాం. ఉప్పు వేసిన వేడినీళ్ళు, గుడ్డలో చుట్టిన వేడి ఇటుక, ఆముదం రాసి వెచ్చచేసిన ఆకులు, ఘాటుగా కళ్ళు మండించే లేపనం. తర్వాత హొళగుంద దగ్గర నరాలు సరిచేసే పెద్దాయన ఉన్నాడంటే అక్కడికీ తీసుకుపోయాం. ఆయన కాలు పట్టుకుని, కళ్ళు మూసుకుని, బొటనవేలితో మెల్లగా వెతుక్కుంటూ వచ్చి ఆ చోట ఆగిపోయాడు. "ఇది నరం కాదు తాయీ. ఎముక సంగతి. నేను నొక్కితే ఇంకా సెడిపోతాది. దవాఖానాకు పో," అని కాలు కింద పెట్టేశాడు. తనకు తెలియనిది తెలియదని చెప్పే వైద్యుణ్ణి నేను అప్పుడే చూశాను. దక్షిణ కూడా ముట్టలేదు.

ఆదోనిలో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. నెమ్మదైన మనిషి. ఎక్స్‌రే తీయించి, అటూ ఇటూ తిప్పి చూసి, ఎముకల్లో ఏమీ కనబడటం లేదన్నాడు. "ఎక్కడైనా పడ్డారా? కాలు మడత పడిందా? ఏదైనా బరువు మీద పడిందా?" అన్నిటికీ లేదు లేదు అని చెప్పింది అత్త.

"ఏం పని చేస్తారు?"

"పనేముంది అప్పా. ఇంట్లోనే ఉంటా. కూసోని సేసుకునే పనే," అంది.

పక్కనే ఉన్న నేను తల ఊపాను. నిజంగానే ఊపాను. లెక్కలు చెప్పే మనిషిని, రోజుకు ఆ కాలు ఎన్నిసార్లు ఆ కట్టెను తొక్కుతుందో గుణించి చూడగలిగిన దాన్ని. అయినా తల ఊపాను. మా వీధిలో ఎవరినడిగినా అదే చెబుతారు. పొలం పనికి పోయేవాళ్ళది నిలబడి చేసే పని, వంగి చేసే పని. మగ్గం వాళ్ళది నీడపట్టున కూర్చుని చేసే పని. సంబంధాలు మాట్లాడేటప్పుడు కూడా ఆ మాటే గొప్పగా చెప్పుకుంటారు, మా పిల్ల ఎండలోకి పోనక్కరలేదు, కూర్చుని నేసుకుంటుంది అని.

డాక్టరు తన జాగ్రత్తలో తానున్నాడు. మూడు వారాలు మాత్రలు రాసిచ్చి, గట్టి అడుగున్న చెప్పులు కొనమని, "ఎక్కువసేపు నిలబడొద్దు, నడవొద్దు. కూర్చునే పనులే చేసుకోండి," అన్నాడు.

అంతకంటే సంతోషపెట్టే మాట అత్తకు ఎవరూ చెప్పి ఉండరు. బస్సులో వచ్చేటప్పుడే ముఖం వెలిగిపోయింది. మర్నాటి నుంచి డాక్టరు చెప్పింది అక్షరాలా పాటించింది. నీళ్ళు పట్టడం మానేసింది, కొట్టుకు పోవడం మానేసింది, వంటింట్లో నిలబడటం మానేసింది. ఆ మిగిలిన సమయమంతా మగ్గం మీద కూర్చుంది. ఇదివరకు సాయంత్రానికి దిగేది, ఇప్పుడు దీపాలు పెట్టాక కూడా నేస్తోంది. నేను కంచం తీసుకుపోయి గట్టు మీదే పెట్టేదాన్ని. రోగికి సేవ చేస్తున్నానని లోలోపల నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

రెండో వారానికి పాదం పైన వాపు వచ్చింది. మూడో వారానికి ఆమె రాత్రి లేచి బయటికి పోవాలంటే గోడ పట్టుకునేది. అప్పుడు మా ఇంట్లో పెద్ద గొడవ జరిగింది. ఇక మగ్గం చాలని మా ఆయన, గుంత పూడ్చేద్దామని నేను.

"ఈ పడుగు అయిపోనీ," అంది అత్త.

ఆరు చీరలకు సరిపడా ఒకేసారి మగ్గానికి ఎక్కించిన పడుగు అది. మూడు నేసింది, ఇంకా మూడు మిగిలి ఉన్నాయి.

"మిగిలింది ఎవరిచేతనైనా నేయిద్దాం అత్తా. మన వీధిలో నేసేవాళ్ళు లేరా?"

"ఒకరి కాలు కింద మొదలైన పడుగు ఇంకొకరి కాలికి లొంగదు మే. బట్టలో కనపడతాది. సగం పడుగు కాడ మగ్గం దిగినదాన్ని అని నేను అనిపించుకోను."

"కాలు పోతే?"

"పోతే పోనీ. పడుగు అయినాంకనే పోనీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. మొండితనానికి కాళ్ళు మొలిస్తే మా అత్తలాగే ఉంటుందని మా ఆయనతో అన్నాను. ఆమె వింది. విని, మగ్గం చప్పుడు పెంచింది.

మళ్ళీ ఆదోని. వాపు చూడగానే డాక్టరు ముఖం చిట్లించాడు. "నేను చెప్పినట్టు విశ్రాంతి తీసుకున్నారా?"

అత్త బదులు నేనే గట్టిగా సమాధానం చెప్పాను. "సార్, ఒక్క అడుగు నడవనివ్వలేదు. పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా మగ్గం మీద కూర్చునే ఉంది."

ఆయన రాస్తున్నవాడు ఆగి నా వైపు చూశాడు. "మగ్గమా?"

"అవును సార్. గుంతమగ్గం."

"గుంతలో కాళ్ళు ఏం చేస్తాయి?"

ఆ ప్రశ్న విన్న క్షణంలో నాకు అంతా అర్థమైంది. అత్త మాత్రం ఏమీ ఎరగనట్టు, కూర్చున్న స్టూలు మీదే కాలు కదిపి చూపించింది. కుడి, ఎడమ, కుడి, ఎడమ. కుడికాలిని ఆమె పాదం నడిమి భాగంతో అదుముతోంది, గుండ్రటి కట్టె సరిగ్గా ఆ వంపులో ఇమిడేటట్టు. కట్టె జారకుండా అలా పట్టుకోవడం పద్నాలుగో ఏట అలవాటు చేసుకుందట.

ఈసారి ఎక్స్‌రేలో గీత కనబడింది. వెంట్రుకంత సన్నని పగులు. డాక్టరు ఓపికగా చెప్పాడు. పాదం మధ్యలో చిన్న చిన్న ఎముకలు వంతెన రాళ్ళలా ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. మనిషి బరువు మడమ నుంచి వేళ్ళకు వెళ్ళేటప్పుడు వాటి మీదుగానే పోవాలి. ఒక్క దెబ్బకు విరిగే ఎముక వేరు, ఒకేచోట రోజూ వేలసార్లు చిన్న ఒత్తిడి పడి అలిసిపోయి పగిలే ఎముక వేరు. ఈ రెండో రకం మొదట్లో ఫొటోకు దొరకదు, ఎముక తనను తాను అతికించుకునే ప్రయత్నం మొదలుపెట్టాకే తెలుస్తుంది. మడమ నొప్పి పొద్దున్న లేవగానే మొదటి అడుగుల్లో పీడించి తర్వాత తగ్గుతుంది. ఇది అలా కాదు, పని చేసేకొద్దీ పెరుగుతుంది, ఒక్కచోటే పొడుస్తుంది. అలాంటి నొప్పిని ఓర్చుకోవడం అంటే పగులును పెద్దది చేసుకోవడమే అన్నాడు.

రక్తపరీక్షలో ఇంకొకటి తేలింది. ఎండ తగిలితే వచ్చే విటమిన్ ఆమెకు బాగా తక్కువగా ఉంది. కర్నూలు ఎండల గురించి తెలిసినవాళ్ళు ఎవరైనా నవ్వుతారు. కానీ నలభై ఎనిమిదేళ్ళుగా ఆమె పగళ్ళన్నీ ఆ చీకటి గదిలోనే గడిచాయి. నీడపట్టు పని అని గొప్పలు చెప్పుకున్నదాని ఫలితం అది.

ఆరు వారాలు కట్టు. కాలు నేలకు ఆనకూడదు. మగ్గం మాట ఎత్తకూడదు. "తర్వాతనన్నా నేయొచ్చునా అప్పా?" అని అడిగింది అత్త. డాక్టరు మాట దాటేయలేదు. "ఎముక అతుక్కుంటుంది. కానీ మళ్ళీ అదే చోట, అదే తీరుగా తొక్కితే మళ్ళీ పగులుతుంది. అది మీ చేతుల్లో ఉంది," అన్నాడు.

ఆ ఆరు వారాలు మా ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పొద్దున్నే ఆమెను వాకిట్లో ఎండలో కూర్చోబెట్టేవాళ్ళం. మగ్గం మీద పడుగుకు దుమ్ము పట్టకుండా ఒక పాత పంచె కప్పించింది. నేను బడి నుంచి వచ్చేసరికి ఆ పంచె సరిగ్గా ఉందా లేదా అని అడిగేది, ఎలుకలు వచ్చాయా అని అడిగేది. తన కాలు గురించి నేనడిగితే, "దానికేం, రాజభోగం అనుభవిస్తాంది," అనేది.

కట్టు విప్పినప్పుడు కాలు సన్నబడి, తెల్లబడి, పరాయి మనిషి కాలులా ఉంది. డాక్టరు కొన్ని వ్యాయామాలు చూపించాడు. తువ్వాలు పాదానికి తగిలించి రెండు చేతులతో తన వైపు లాక్కుని పిక్క సాగదీయాలి. అదే తువ్వాలు నేల మీద పరిచి కాలివేళ్ళతో ముడుచుకుంటూ దగ్గరికి తెచ్చుకోవాలి. అత్త వాటిని పూజ చేసినంత శ్రద్ధగా చేసింది. మా పిల్లలు పక్కన కూర్చుని లెక్కపెట్టేవాళ్ళు. ఒకటి తక్కువ చేయనివ్వలేదు, ఒకటి ఎక్కువా చేయనివ్వలేదు.

చిక్కంతా చెప్పుల దగ్గర వచ్చింది. గట్టి అడుగున్న చెప్పు ఇంట్లో కూడా వేసుకోవాలి, మగ్గం తొక్కేటప్పుడు కూడా తీయకూడదు అన్నాడు డాక్టరు.

"ఇంట్లో ఏసుకుంటా. మగ్గం గుంతలోకి సెప్పులతో దిగేది మాత్రం జరిగే పని కాదప్పా," అంది అత్త. మగ్గం గుంతలోకి చెప్పుతో దిగిన మనిషి మా వీధిలో లేడు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి నేను తెలియక, అందులో పడిన వీధిపిల్లల బంతి తీయడానికి చెప్పులతో దిగితే, మామ గుంత కడిగించి పసుపునీళ్ళు చల్లించాడు.

"అయితే నేయడం మానుకోండి," అన్నాడు డాక్టరు.

అత్త లేవలేదు, ఇంకో ప్రశ్న అడిగింది. "ఆ సెప్పు కాలికి ఏం సేస్తాదప్పా? అది సెప్పు."

నాకు చిరాకేసింది, బయట ఇంకా పదిమంది ఉన్నారు. ఆయన మాత్రం చెప్పాడు. గట్టి అడుగు వల్ల పాదం మధ్యలో వంగదు, బరువు ఒకేచోట పడకుండా మడమ నుంచి వేళ్ళదాకా పంచుకుంటుంది, అంతే అన్నాడు. బస్సులో అత్త తన పాదాన్నే అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ కూర్చుంది. ఇల్లు చేరాక మా ఆయన్ని పిలిచి, అటక మీదున్న పాత తలుపు చెక్క దించమంది. తన పాదం దాని మీద పెట్టి, చుట్టూ సుద్దతో గీత గీయించి, ఆ గీతకు నాలుగు వేళ్ళు బయటగా కోయించింది. అంచులు గరుకు కాగితంతో రుద్దించింది. ఆ చెక్కను తీసుకుపోయి గుంతలో కుడివైపు కట్టె మీద బిగించమంది.

చెప్పు చేసే పనిని కట్టెకు అప్పజెప్పింది మా అత్త. కాలు మాత్రం వట్టిదే. నేను వంటింటి గడపలో నిలబడి చూస్తున్నాను, అంత చదువు చదివిన నాకు అది తట్టలేదు.

చెక్క ఒక్కటే చాలదు. పాదం మొత్తం ఆనించి, బలం తొడలోంచి తేవాలి. మళ్ళీ మొదలుపెడితే రోజుకు పది నిమిషాలే అని డాక్టరు అంతకుముందే షరతు పెట్టాడు. ఆమె తొక్కే తీరు ఫోనులో వీడియో తీసి తెచ్చి చూపించమన్నాడు. అలా మొదటిరోజు నేను మగ్గం పక్కన నేల మీద బోర్లా పడుకుని, ఫోను లైటు వేసి, చేయి గుంతలోకి చాపాను.

నేసేవాళ్ళ చేతులు అందరూ చూస్తారు. ఊరు చూడటానికి వచ్చినవాళ్ళు కూడా చేతులే ఫొటో తీసుకుంటారు. కాళ్ళను ఎవరూ చూడరు. పద్దెనిమిదేళ్ళు అదే ఇంట్లో ఉండి నేనూ చూడలేదు. ఆ చీకట్లో ఎడమకాలు తన పని తాను ఆడుతూ పాడుతూ చేసుకుపోతోంది. కుడికాలు ఒక్కోసారి ఆగి, మడమ ఆనించి, ముందుభాగం ఆనించి, అప్పుడు అదుముతోంది. నాలుగు దెబ్బలు సరిగ్గా పడగానే అయిదోసారి పాత అలవాటు లాక్కుపోయేది, పాదం వంపు మళ్ళీ చెక్క అంచు కోసం వెతుక్కునేది. పైన నాడె ఆగిపోయేది. "ఊహూఁ, ఆడ కాదు. ఈడ," అని అత్త తన కాలితో తానే చెప్పేది. కోప్పడటం లేదు, చిన్నపిల్లకు నడక నేర్పుతున్నట్టు చెబుతోంది. మళ్ళీ మొదటినుంచి. వేళ్ళు వణుకుతున్నాయి. పది నిమిషాల్లో జానెడు బట్ట కూడా రాలేదు.

నిజం చెబుతాను. అంతవరకు అత్త అంటే నాకు భయం ఉండేది, కోపం ఉండేది, అప్పుడప్పుడు జాలి ఉండేది. గౌరవం ఆ రోజే కలిగింది. నలభై ఎనిమిదేళ్ళు ఒళ్ళంతా జీర్ణించుకుపోయిన పనిని అరవై రెండేళ్ళ వయసులో విడిచిపెట్టి, అదే పనిని ఇంకో తీరుగా ఓనమాల నుంచి నేర్చుకోవడం నా వల్ల కాదు. రాని లెక్కను రెండోసారి చెప్పమంటేనే నా పిల్లల మీద విసుక్కుంటాను నేను.

వీడియో డాక్టరు రెండుసార్లు చూశాడు. "ఈ చెక్క ఎవరు చెప్పారు?" అన్నాడు. అత్త ఏదో తప్పు చేసినట్టు నా వెనక్కి జరిగింది. "నేనే అప్పా. బాగల్యా?" ఆయన నవ్వి, "బాగుందమ్మా. ఇది నాకు రావాల్సిన ఆలోచన," అన్నాడు. ఇంకెవరైనా నేతవాళ్ళు ఇదే నొప్పితో వస్తే చూపిస్తానని ఆ వీడియో తన ఫోనులోకి తీసుకున్నాడు. అత్త వాకిలి దాటేదాకా బిగపట్టుకుని, బయట మెట్ల మీద చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

పది నిమిషాలు ఇరవై అయ్యాయి, అరగంట అయ్యాయి, గంట అయ్యాయి. నొప్పి ఆ చోట చిటుక్కుమన్న రోజు ఆమే దిగిపోయేది. ఓర్చుకోవడం ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య, ఆపడం కొత్తగా నేర్చుకుంది. మూడు చీరలకు దాదాపు నాలుగు నెలలు పట్టింది. వాటిలో మొదటి చీరలో ఒక మూర మేర నేత వదులుగా ఉందట. ఆ చోటు నా వేలు పట్టుకుని చూపించింది, నాకు ఏమీ తెలియలేదు. ఆమె ఆ చీరను మిగతావాటితో కలపకుండా, పడుగు ఇచ్చిన షావుకారుకు తప్పు చూపించి మరీ ఇచ్చింది.

చివరి చీర మగ్గం నుంచి కోసిన రోజు ఆదివారం. బట్ట మడిచి పక్కన పెట్టి, అత్త గట్టు పట్టుకుని, ఎవరి చేయీ అందుకోకుండా గుంతలోంచి పైకి వచ్చింది. తిన్నగా నడిచి వాకిట్లోకి పోయి, చేతులు కడుక్కుని వచ్చి, మా ఇద్దరి ముందు నిలబడింది.

"ఇంక పూడ్సుకోండి," అంది.

మా ఆయన బిత్తరపోయాడు. నేనే ముందు నోరు తెరిచాను. "కాలు బాగుంది కదా అత్తా. నిదానంగా ఇంకొక పడుగు ఎక్కించు. చిన్నదే ఎక్కించు."

"నీకేమన్నా పిచ్చి పట్టిందా మే? దిగు దిగు అని నన్ను పీక్కతిన్నది నువ్వే గదా."

"నేనే. అప్పుడు తెలీక అన్నాను."

ఆమె నా భుజం మీద చేయి వేసింది. నిలబడటానికి ఆసరా కోసం కాదు. "అప్పుడు దిగింటే నొప్పి నన్ను దించినట్టు. ఇప్పుడు నేనే దిగినా. ఆ రెండూ ఒకటి కాదు," అంది.

వారం తిరక్కుండా మన్ను పోయించి, నీళ్ళు కొట్టి, బండలు పరిపించాం. నేను కోరుకున్న గదే అది, విశాలంగా, వెలుతురుగా ఉంది. ఇంటికి ఎవరొచ్చినా ముందు, ఒకప్పుడు గుంత ఉన్న చోటే కుర్చీ వేసుకోబోతారు. నేను ఆపి, కుర్చీ పక్కకు జరిపి కూర్చోబెడతాను. ఎందుకని అడిగితే, అది మా అత్త చోటు అని చెబుతాను.